కొర్రమట్టకు కోపమా, ఆకలా?



కందకుర్తి అనగానే త్రివేణి సంగమం గుర్తుకొస్తుంది. గోదావరి, మంజీర, హరిద్ర నదులు ఇక్కడ కలుస్తాయి. పుణ్యస్నానాలకు జనం వస్తారు. అదే నీళ్లలో వల వేసి బతికేవాళ్లూ ఉన్నారు. నదిలో చేప ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. అందుకే చేపలు పట్టడమే కాదు, పెంచడం కూడా తెలియాలి.

ఈ రోజు కొర్రమట్ట గురించి చెప్పుకుందాం. దీన్నే కొర్రమీను అంటారు. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుంది. అందుకే బజారులో ప్రాణంతోనే అమ్ముతారు. మంచి ధర పలుకుతుంది. దీన్ని చెరువులో పెంచుతారు, సిమెంటు తొట్టిలో పెంచుతారు. ఈ జాతి చేపలను పెద్ద గాజు తొట్టెల్లో ముచ్చటకు పెంచేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కడ పెంచినా ఒకటే బాధ. ఇవి ఒకదాన్నొకటి కొరుకుతాయి, మింగుతాయి.

రవ్వ, బొచ్చె తవుడు, చెక్క తిని పెరుగుతాయి. కొర్రమట్ట అట్ల కాదు. అది వేటాడే చేప. పురుగులు, రొయ్యలు, కప్పపిల్లలు, చిన్న చేపలు దాని తిండి. అవి దొరక్కపోతే తోటి పిల్లనే తింటుంది.

ఒక ఇంట్లో తొట్టిలో వెయ్యి పిల్లలు పోశారనుకోండి. నెల తర్వాత లెక్క పెడితే సగమే ఉన్నాయి. చచ్చి తేలినవి లేవు. అప్పుడేమనుకుంటారు? ఎవరో రాత్రి వల వేసి ఎత్తుకుపోయారని అనుకుంటారు. పక్కింటివాళ్ల మీద అనుమానం పడతారు. మాటా మాటా పెరుగుతుంది. కానీ దొంగ బయట లేడు, తొట్టిలోనే ఉన్నాడు!

ఇది ఎట్ల జరుగుతుంది? పిల్లలన్నీ ఒకే తీరు పెరగవు. మేత ముందు అందుకున్నది తొందరగా పెరుగుతుంది. దాని నోరూ పెద్దదవుతుంది. చిన్నది ఆ నోట్లో పట్టిందంటే మింగేస్తుంది. తిన్నది ఇంకా పెరుగుతుంది. పెరిగినది ఇంకా మింగుతుంది. మేత తక్కువైతే, తొట్టి ఇరుకైతే ఇది మరీ ఎక్కువవుతుంది.

మరి ఏం చేయాలి?

చిన్న పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం మేత వేయాలి. ఒక్కసారే కుమ్మరించొద్దు. ఒకే మూల వేస్తే బలమైనవే తింటాయి. నాలుగు వైపులా చల్లితే బలహీనమైనవాటికీ అందుతుంది. మేతలో మాంసకృత్తులు బాగా ఉండాలి. తవుడు ఒక్కటే వేస్తే కొర్రమట్ట కడుపు నిండదు. తినగా మిగిలింది తీసేయాలి. అది కుళ్లితే నీళ్లు చెడిపోతాయి.

వారం పది రోజులకొకసారి పిల్లలను ఏరాలి. పెద్దవి ఒక తొట్టిలో, చిన్నవి ఇంకో తొట్టిలో వేయాలి. ఎంత మేత వేసినా ఈ పని తప్పదు.

మాంసం పెడితే చేపకు రోషం పెరుగుతుందని కొందరంటారు. కొర్రమట్ట పుట్టుకతోనే వేటాడేది. మాంసం రుచి చూసి అది కొత్తగా వేట నేర్చుకోదు. అయినా కోళ్ల వ్యర్థాలు, కుళ్లిన మాంసం మాత్రం వేయొద్దు. వాటితో నీళ్లు పాడవుతాయి, రోగాలు వస్తాయి.

మేతకూ కొట్లాటకూ సంబంధం ఉందా అని శాస్త్రవేత్తలు కూడా చూశారు. ట్రౌట్ అనే చేప ఉంది. అది చల్లటి నీళ్లలో పెరుగుతుంది. స్వీడన్ దేశంలో దానికి ట్రిప్టోఫాన్ ఎక్కువగా కలిపిన మేత పెట్టి చూశారు. ట్రిప్టోఫాన్ మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థం. మెదడును నెమ్మదిపరిచే రసాయనం దీని నుంచే తయారవుతుంది. మూడు రోజులు పెడితే మార్పు కనపడలేదు. ఏడు రోజులు పెడితే కొట్లాట తగ్గింది. ఈ సంగతి 2001లో అచ్చయింది. అంటే తిండి చేప కడుపుకే కాదు, బుద్ధికీ తగులుతుంది. అట్లని ఎవరో అమ్మే పొడి కొని తొట్టిలో పోయొద్దు. సరైన మేత, సరైన వేళకు వేస్తే చాలు.

ఇంకో మాట. కొర్రమట్ట చేసే ప్రతి కొట్లాటా ఆకలి కొట్లాట కాదు. గుడ్లు పెట్టిన జంట పిల్లలను కాపాడుకుంటుంది. ఎర్రటి పిల్లలు నీటి మీద గుంపుగా తిరుగుతుంటాయి. తల్లీ తండ్రీ కింద కావలి ఉంటాయి. దగ్గరికొచ్చిన చేపను తరుముతాయి, కొరుకుతాయి. అది మేతతో తగ్గేది కాదు. ఆ జంటను వేరుగా ఉంచాలి. చెరువులో అట్లాంటి గుంపు కనపడితే దాని కింద వల వేయొద్దు. తల్లిదండ్రులను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని పిల్లలు పోశారు, ఏ రోజు ఎంత మేత వేశారు, ఏరినప్పుడు ఎన్ని ఉన్నాయి, ఎన్ని చచ్చాయి అన్నీ రాయండి. చచ్చినవి కనపడకుండా లెక్క తగ్గిందంటే ముందు మేత చూడండి. తర్వాత సైజు చూడండి. పక్కింటివాళ్లను అనే ముందు నోటుబుక్కు తెరవండి.