పుట్టింటి సంఘం, మెట్టినింటి సంఘం



ఈ ప్రసంగం ఏర్పాటు చేసిన ధర్మనిధిని నెలకొల్పిన పెద్దలు దీనికి ఏ ఒక్కరి పేరూ పెట్టలేదు. తెలుగునాట ఊరూరా తిరిగిన బైబిలు స్త్రీలందరి జ్ఞాపకార్థం పెట్టారు. అందుకు వారికి నమస్కరిస్తున్నాను. చేతిలో సంచి, సంచిలో సువార్త పుస్తకం, పాటల పుస్తకం, వాడవాడకూ కాలినడక. గడప దాటని ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించింది ఆమె. పురిటి మంచం పక్కన కూర్చున్నదీ ఆమె. మిషను నివేదికల్లో బైబిలు స్త్రీలు ఎందరో అంకెలు వేశారు. పేర్లు మాత్రం చాలా తక్కువ.

దొరికిన కొద్ది పేర్లలో రెండు ఒంగోలు చరిత్రలో ఉన్నాయి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. మిషనరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. పన్నెండేళ్ల తరవాత, 1866లో, క్లౌ దొర మిషనరీగా ఒంగోలు వచ్చారు. ఆయన కాలంలో జరిగిన బాప్తిస్మాల గురించి ప్రసంగాల్లో మనమంతా విన్నాం. జూలియా, రూతు గురించి విన్నవారు మనలో ఎందరు?

మిషన్లు తెలుగుదేశాన్ని పంచుకున్న తీరు మీకు తెలుసు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు, గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులకు, కడప లండన్ మిషనుకు, మచిలీపట్నం ఆంగ్లికన్లకు, మెదక్ మెథడిస్టులకు, మహబూబ్‌నగర్ మెన్నోనైట్లకు. మగవాడు సాధారణంగా పుట్టిన సంఘంలోనే పెరిగి, అక్కడే సంఘపెద్ద అయి, అక్కడి సమాధుల తోటలోనే నిద్రించేవాడు. ఆడపిల్ల బతుకు అలా సాగలేదు. గుంటూరులో లూథరన్ ఇంట పుట్టి, పసితనంలోనే బాప్తిస్మం పొందిన పిల్ల ఒంగోలులో బాప్టిస్టు ఇంటి కోడలైతే, మళ్లీ నీళ్లలో మునగాలా అన్న ప్రశ్న ఆమె ఎదుటికే వచ్చేది. ఆరాధన క్రమం మారేది, పాటల పుస్తకం మారేది, ప్రభు భోజనం ఇచ్చే తీరు మారేది. ఏడాదికి రెండుసార్లు పుట్టింటికి వచ్చినప్పుడు పాత పద్ధతిలోనే మోకరించేది. సంఘాల మధ్య తేడా పురుషులకు సిద్ధాంతం, స్త్రీలకు కాపురం. ఒకే మనిషి రెండు సంఘాల్లో నమ్మకంగా బతకవచ్చునని మన తల్లులు ఏ సభా తీర్మానం చేయకముందే చేసి చూపించారు. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనుంచి పుట్టిందే.

పెద్దల ఐక్యతకు ఎంత కాలం పట్టిందో చూద్దాం. తరంగంబాడిలో 1919లో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐగా) ఫలించాయి. ఇరవై ఎనిమిదేళ్లు. బిషప్పుల అధికారం, గురుపట్టం వంటి ప్రశ్నలు చిన్నవి కావు, ఆ చర్చను నేను తక్కువ చేయను. ఇంతా చేస్తే లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. అయితే అప్పటికే స్త్రీలు కలిసి చాలా దూరం నడిచారు. మద్రాసులో స్త్రీల క్రైస్తవ కళాశాలను 1915లో పన్నెండు మిషన్ సంస్థలు కలిసి స్థాపించాయి. ఐడా స్కడర్ 1918లో వెల్లూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచారు. తరవాతి ఏళ్లలో ఇలాంటి ఆసియా కళాశాలల కోసం అమెరికాలో చందాలు పోగుచేసిన వారిలో ముందున్నవారు లూసీ పీబడీ, హెలెన్ బారెట్ మాంట్‌గొమరీ. ఇద్దరూ బాప్టిస్టులే. అయినా ఆ డబ్బు ఒక్క బాప్టిస్టు సంస్థలకే పోలేదు.

మార్చి మొదటి శుక్రవారం మనం జరిపే ప్రపంచ ప్రార్థన దినం మూలాల్లోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. 1887లో ప్రెస్బిటేరియన్ స్త్రీ మేరీ ఎలెన్ జేమ్స్ తమ దేశంలోని సేవ కోసం ఒక ప్రార్థన దినానికి పిలుపిస్తే, 1890లో వీరిద్దరూ పరదేశ మిషన్ల కోసం మరొకటి మొదలుపెట్టారు. రెండూ కలిసి 1927 నాటికి ప్రపంచ ప్రార్థన దినమయ్యాయి. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు, లోకమంతా దాన్నే చదువుతుంది. 2024 వంతు పాలస్తీనా స్త్రీలది. ఆ వంతు కొన్నేళ్ల ముందే నిర్ణయమైంది. తీరా ఆ శుక్రవారం వచ్చేసరికి గాజా మీద బాంబులు పడుతున్నాయి. ప్రార్థించే ముందు ఆ దేశం సంగతి తెలుసుకోవాలి, ప్రార్థించాక దానికోసం ఏదో ఒకటి చేయాలి అన్నది ఈ దినానికి ఉన్న నియమం. మన ఊళ్లలో ఈ నియమంలో రెండో సగం తరచుగా జారిపోతోంది. క్రమం చదువుతాం, కానుక పడతాం, టీ తాగి ఇళ్లకు వెళతాం.

ఇప్పుడు మన దేశపు స్త్రీ ఒకామె ఇచ్చిన వరం గురించి చెప్పాలి. 1956లో అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘానికి చెందిన మార్గరెట్ షానన్ కొందరు స్త్రీలను కూర్చి ఆసియా దేశాలకు బయల్దేరదీశారు. ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధం మిగిల్చిన గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. ఆ బృందంలో మన దేశం నుంచి శాంతి సాలమన్ ఉన్నారు. కొరియా వెళ్లడానికి ఆమెకు వీసా దొరకలేదు. తోటివారు వెళ్లారు, ఆమె ఫిలిప్పీన్స్‌లో ఆగిపోయారు. సరిహద్దు తనను ఆపగలిగింది, తన ప్రార్థనను ఆపలేదు కదా అని అక్కడ ఆమెకు తోచింది. బృందం మళ్లీ కలిసినప్పుడు ఒక మాట చెప్పారు. ప్రతి స్త్రీ ప్రార్థించినప్పుడల్లా తన దేశపు అతి చిన్న నాణెం ఒకటి పక్కన పెట్టాలి. 1958లో హాంకాంగులో ఏర్పడిన ఆసియా క్రైస్తవ స్త్రీల సంస్థ ఈ పనిని భుజాన వేసుకుంది. మన స్త్రీల మైత్రి కూటాల్లో లీస్ట్ కాయిన్ అని డబ్బా తిరుగుతుందే, అది ఇదే.

ఈ నియమంలోని న్యాయాన్ని కాసేపు ఆలోచించండి. పేదరాలు ఇవ్వగలదు కనుక చిన్న నాణెం అనుకుంటాం. అది నిజమే, కాని సగమే. ధనవంతురాలు కూడా అంతకు మించి వేయకూడదన్నది మిగతా సగం. మన ఆరాధనల్లో కానుకల పట్టీ చదివేటప్పుడు ఎవరి పేరు ముందొస్తుందో, ఎవరి పేరు దగ్గర గొంతు పెద్దదవుతుందో మీకు తెలుసు. ఈ డబ్బాకు పట్టీ లేదు. డాక్టరమ్మ నాణెమూ, కలుపుకు వెళ్లి వచ్చిన తల్లి నాణెమూ లోపల ఒక్కటే చప్పుడు చేస్తాయి. ఈ డబ్బు ఎక్కడెక్కడో స్త్రీల పనులకు చేరుతుంది, ఫలానా వారిదని చెప్పడానికి వీల్లేకుండా చేరుతుంది. 2011 జూన్ 30 నుంచి మన దేశంలో పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లవు. ఇప్పుడు చేతికి దొరికే చిన్న నాణెం రూపాయి. కొన్ని సంఘాల్లో ఇది ఏ మూలకు అని పది, ఇరవై నోట్లు వేయిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఎక్కువ వేస్తే ఈ పనికి ప్రాణమైన సమానత్వమే పోతుంది.

ప్రార్థన నుంచి న్యాయానికి దారి ఎలా పడుతుందో మన దేశంలోనే మరో ఉదాహరణ ఉంది. క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భర్త విడిపోవాలంటే భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువు చేస్తే సరిపోయేది. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోయేది కాదు, దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలిపెట్టి పోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. రోజూ తన్నులు తింటున్నా, ఆ తన్నులు ఒక్కటే చాలిన కారణం అయ్యేవి కావు! జిల్లా కోర్టు తీర్పు ఇచ్చినా హైకోర్టు ఖాయపరిచేదాకా ముగిసినట్టు అయ్యేది కాదు. దీన్ని మార్చాలని జ్యోత్స్నా చటర్జీ నడిపిన జాయింట్ విమెన్స్ ప్రోగ్రామ్ అనే స్త్రీల సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది. విడాకుల మీద ఏకాభిప్రాయం లేని సంఘాలను ఒకచోట కూర్చోబెట్టడం తేలికా? వివాహం విడదీయరానిదన్న కథోలిక విశ్వాసం ఒక పక్క, ప్రొటెస్టెంట్ల పద్ధతులు మరో పక్క. విశ్వాసం ఎవరిది వారికే ఉండనిచ్చి, చట్టం మాత్రం స్త్రీకీ పురుషుడికీ ఒకే కొలత వేయాలన్న చోట కలిశారు. కేరళ హైకోర్టు 1995లో ఆ నిబంధనలో వివక్ష ఉన్న భాగాలను కొట్టేసింది. పార్లమెంటు 2001లో చట్టాన్ని సవరించింది. అప్పటికి దాని వయసు 132 ఏళ్లు. ఈ విజయాన్ని మన సండే స్కూలు పిల్లలకు ఎందుకు చెప్పమో నాకు అర్థం కాదు.

మనం ఆగిపోతున్న చోటు కూడా చెప్పాలి. మార్చి శుక్రవారం లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, సాల్వేషన్ ఆర్మీ స్త్రీలు ఒక గుడిలో కూర్చుంటారు. కాని మాల వాడ గుడి, మాదిగ వాడ గుడి ఒకే సంఘానివై, ఒకే ఊళ్లో ఉండి కూడా, ఆ రెండు గుళ్ల స్త్రీలు కలిసి మోకరించని ఊళ్లున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల జాబితాకు బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనవారిని చేర్చలేదు. ఆ అన్యాయం మీద వినతిపత్రాలు రాస్తున్నాం, రాయాలి. దానికి సంతకాలు అడిగే మనం మన రెండు వాడల మధ్య దారిని ఎందుకు తెరవలేకపోతున్నాం? మెట్టినిల్లు మరో మిషను అయినా వెళ్లిన తల్లులు, మెట్టినిల్లు పక్క వాడ అయితే ఒప్పుకున్నారా? ఇది మన స్త్రీల కూటాలే ముందుగా మాట్లాడవలసిన సంగతి. పురుషుల కమిటీలు దీన్ని మొదలుపెడతాయని నేను అనుకోను.

2013లో నంద్యాల మేత్రాసనానికి ఎగ్గోని పుష్పలలిత బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు మన తెలుగు బిడ్డ. ఆ సంతోషం ఉండగానే సంఘాల కార్యవర్గాల పట్టీలు ఒకసారి చూడండి. కానుక పోగుచేసేది స్త్రీలు, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే బల్ల దగ్గర వారికి ఎన్ని కుర్చీలున్నాయి?

మీ ముందు రెండు పనులు పెడుతున్నాను. వచ్చే మార్చి ఆరాధన పట్టణంలోని పెద్ద గుడిలో కాకుండా, ప్రతి ఊళ్లోనూ అంతవరకూ ఎవరూ వెళ్లని వాడ గుడిలో జరపాలి. ఆ గుడి స్త్రీలే నడిపించాలి, వాళ్లు వండిన అన్నం అందరూ కలిసి తినాలి. రెండోది, ఆ వారంలోనే అన్ని సంఘాల స్త్రీలూ కలిసి భర్తల చేతిలో దెబ్బలు తింటున్న అక్కచెల్లెళ్లకు న్యాయ సహాయం అందించే ఒక చిన్న కమిటీ వేయాలి. అందులో ఒక లాయరమ్మ, ఒక నర్సు, వాడ నుంచి ఇద్దరు ఉండాలి. ఇందుకు బిషప్పు ఉత్తర్వు అక్కర్లేదు, సినడు తీర్మానం అక్కర్లేదు. ఇక్కడున్న స్త్రీల మైత్రి కార్యదర్శులు ఈ సాయంత్రం భోజనాలకు లేచే ముందే తేదీ, ఊరు రాసుకోవాలని కోరుతున్నాను.