పక్క నుంచి కారు గుద్దితే

(రాత్రిబడిలో చేసిన ప్రసంగం)



ఈ వారం మన పాఠం కారు ప్రమాదం. గుంటూరు నుంచి మాచర్ల పోయే రోడ్డు మన సత్తెనపల్లి మీదుగానే పోతుంది. పొలాల డొంకలు, పల్లెల రోడ్లు ఎన్నో వచ్చి ఆ రోడ్డులో కలుస్తాయి. మిరపకోతలు, పత్తితీతలు జరిగే రోజుల్లో తెల్లవారకముందే జనం బయలుదేరతారు. మంచు పట్టి ఉంటుంది. డొంకలోంచి మోటారుసైకిలు రోడ్డెక్కుతుంది. పెద్దరోడ్డు మీద కారు వేగంగా వస్తుంది. బండిని పక్క నుంచి గుద్దేస్తుంది.

పక్క నుంచి తగిలే దెబ్బ వేరు. కారుకు ముందువైపు ఇంజను, బానెట్టు ఉంటాయి. ఎదురుగా గుద్దుకుంటే కొంత దెబ్బ అవి తీసుకుంటాయి. పక్కన ఉండేది తలుపు ఒక్కటే. కారులో కూర్చున్నవారికే తుంటి, పక్కటెముకలు విరుగుతాయి. మోటారుసైకిలుకు ఆ తలుపు కూడా లేదు. మనిషి కాలే అడ్డం. తొడ ఎముక విరుగుతుంది, మోకాలు నుజ్జవుతుంది. మనిషి బతుకుతుంది. కాని మునికాళ్ల మీద కూర్చుని కలుపు తీయలేదు. రోజంతా వంగి కాయ కోయలేదు. నష్టపరిహారం అడిగేది దీనికోసమే.

ఆసుపత్రిలో ఉన్న రెండో రోజో, మూడో రోజో ఎవరో ఒకరు వస్తారు. "కేసెందుకమ్మా, కోర్టు చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతారు? ఇదిగో 50 వేలు. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యండి" అంటారు. పాపం, మందులకు డబ్బులేని సమయం. చెయ్యి ముందుకు పోతుంది. ఆ కాగితంలో ఏముంటుంది? "మాకు ఏ ఫిర్యాదూ లేదు, ఇక ఏమీ అడగము" అని ఉంటుంది. అది చదివించుకోకుండా ఎవరూ వేలు పెట్టవద్దు. సంతకం నేర్చుకున్నవారు సంతకమూ పెట్టవద్దు. తెల్లకాగితం మీద అసలే వద్దు.

కారు మనిషి మంచివాడు, అతని దగ్గర అంత డబ్బు లేదు అని కొందరు జాలిపడతారు. ఇక్కడ ఒక విషయం తెలియాలి. రోడ్డెక్కే ప్రతి బండికీ బీమా తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం, 1988లో అలా రాసి ఉంది. ఆ బీమా బండి యజమాని కోసం కాదు, బండి గుద్దిన మనిషి కోసం. బీమా అమలులో ఉంటే డబ్బు ఇచ్చేది బీమా కంపెనీ. డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా సరే, కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. అందుకని ముందుగా చూడవలసింది కారు నంబరు. అది రాసుకోండి. రాసేటంత చదువు ఇప్పుడు మీకుంది.

ఎంత వస్తుంది అని అడుగుతారు. లెక్క చేసి చూద్దాం, పలకలు తీయండి. ఒకామెకు 38 ఏళ్లు. నెలకు 9 వేలు కూలి. అంటే ఏడాదికి 1,08,000. ఏ వయసువారికి ఎన్నేళ్ల సంపాదన లెక్కకట్టాలో 2009లో సుప్రీంకోర్టు ఒక పట్టిక ఇచ్చింది. దాన్ని సరళా వర్మ కేసు అంటారు. 36 నుంచి 40 ఏళ్ల వారికి 15తో హెచ్చవేయాలి. 1,08,000ను 15తో హెచ్చవేస్తే 16,20,000. ఆమె కాలు పాడై సంపాదనలో నూటికి 40 వంతులు పోయిందనుకోండి. 6,48,000 రావాలి. ఆసుపత్రి ఖర్చు, పడిన బాధ, ముందుముందు కూలి పెరిగేది, ఇవన్నీ వేరే కలుపుతారు. ఇప్పుడు ఆ 50 వేల మాట మళ్లీ తలుచుకోండి.

ఆ 40 అనే అంకె దగ్గర కొంచెం ఆగుదాం. డాక్టరు సర్టిఫికెట్‌లో "వైకల్యం 40 శాతం" అని రాస్తాడు. అది ఒంటి లెక్క. సంపాదన లెక్క వేరు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. చెయ్యి తీసేసిన వడ్రంగికి పని దాదాపు మొత్తం పోతుంది. అదే చెయ్యి పోయిన ఆఫీసు గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు. కాలు వంగని కూలి మనిషిది వడ్రంగి దారే. ఆమె సంపాదన 60 వంతులు పోయిందని కోర్టు ఒప్పుకుంటే 6,48,000 కాస్తా 9,72,000 అవుతుంది. ఇది తనంతట రాదు. మీరు ఏ పని చేస్తారో, ఆ పనికి కాలు ఎలా కావాలో జడ్జిగారికి చెప్పాలి. డాక్టరు చేత చెప్పించాలి. మన వకీళ్లు కొందరు సర్టిఫికెట్ పెట్టేసి ఊరుకుంటారు. "రాజ్‌కుమార్ కేసు ప్రకారం అడగండి" అని మీరే గుర్తుచేయండి, తప్పేం లేదు.

కూలి మనిషికి జీతం కాగితం ఎక్కడిది? ముఠా మేస్త్రి పుస్తకం, పని ఇచ్చిన రైతు సాక్ష్యం, బ్యాంకు పుస్తకంలో పడిన డబ్బు, ఏదైనా పనికొస్తుంది. ఏమీ లేకపోతే కనీస వేతనం చూసి లెక్కకడతారు. ఇంటిపని చేసే ఆడవాళ్లకు సంపాదన లేదు అనే మాట కూడా చెల్లదు. ఆ పనికీ విలువ కట్టాలని 2021లో సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది.

ఇక తప్పు ఎవరిది? పక్కదెబ్బ కేసుల్లో అసలు తగాదా ఇదే. చిన్న రోడ్డు నుంచి పెద్దరోడ్డు ఎక్కేవారు ఆగి, పెద్దరోడ్డు మీద వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఇది రూలు. "ఆ బండే అడ్డం వచ్చింది" అని కారు వైపువారు అంటారు. కోర్టు తప్పు చెరి సగం అన్నదనుకోండి. 9,72,000లో సగం కోస్తే 4,86,000. అందుకే దెబ్బ ఎక్కడ తగిలిందనేది ముఖ్యం. బండి వెనకచక్రం దగ్గర సొట్ట ఉంటే, బండి అప్పటికే చాలావరకు రోడ్డు దాటిందని వాదించవచ్చు. కారు టైర్ల గీతలు పొడవుగా ఉంటే వేగం తెలుస్తుంది. బండ్లు జరపకముందే సెల్‌ఫోనులో నాలుగు ఫొటోలు తీయండి. పోలీసులు ఆ చోటు బొమ్మ గీస్తారు. డొంక ఎటు ఉందో, కారు ఎటు వచ్చిందో సరిగా గీశారా అని అడగండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇస్తారు. బండి మీద ముగ్గురు ఎక్కారు కాబట్టి డబ్బు కోసేస్తామంటే ఒప్పుకోవద్దు. ముగ్గురు ఎక్కడం నేరమే. కాని ఆ ఒక్క కారణంతో పరిహారం కోయడం కుదరదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టరు బోల్తాపడి నలుగురు కూలి ఆడవాళ్లు చనిపోయారు. అది పక్కదెబ్బ కాదు. ఎందుకు చెప్తున్నానంటే, ట్రాక్టరు ట్రక్కులోనూ, సరుకుల ఆటోలోనూ మనుషులు ఎక్కితే ఆ బండి బీమా వారికి వర్తించదని కంపెనీలు వాదిస్తాయి. సుప్రీంకోర్టు 2002 తీర్పు వాళ్లకు ఆసరా. అప్పుడు బండి యజమాని మీద పడాలి. అతని దగ్గర ఉంటేనే కదా. కాని అలాంటి ఆటోను ఇంకో కారు పక్క నుంచి గుద్దితే, కారు బీమా కంపెనీని అడగవచ్చు. కూలికి పోయేటప్పుడు ఏ బండి ఎక్కుతున్నామో మేస్త్రిని అడగండి.

చట్టంలో తప్పు ఎవరిదని చూడకుండా ఇచ్చే సొమ్ము కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు. తగాదా లేదు, బాగానే ఉంది. కాని కంపెనీ ఆఫీసరు ముందు ఆ సొమ్ముకు ఒప్పుకుంటే మీ పెద్ద కేసు అక్కడితో పోతుంది. మన లెక్కలో ఆమెకు ఎంత రావాలో చూశారు కదా. తప్పు మనవైపే ఎక్కువగా ఉంటే ఈ సొమ్మే మేలు. అది వకీలుతో మాట్లాడి తేల్చుకోవలసిన సంగతి. గుద్దిన బండి దొరకకుండా పారిపోతే చావుకు 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. వైద్యానికి వేరే పథకం ఉంది. 2025 మే నుంచి, ప్రమాదం జరిగిన రోజు మొదలు 7 రోజుల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో లక్షన్నర దాకా డబ్బు కట్టనవసరం లేదు.

గడువు ఆరు నెలలు. ఇదివరకు గడువు లేని రోజులున్నాయి, ఆ మాట నమ్ముకుని కూర్చోవద్దు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి గాని, మీరు మాత్రం ఆరు నెలల్లోపే అర్జీ వేయండి. ప్రమాదం హైదరాబాదులో జరిగినా, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఎంత ఆదాయమున్నా వకీలును ఉచితంగా ఇస్తారు. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార కమిటీని అడగండి. ఫోను నంబరు 15100. బోర్డు మీద రాశాను, ఎక్కించుకోండి.

డబ్బు వచ్చాక ఒక మాట. చదువురానివారి పరిహారం ఎవరూ కాజేయకుండా, ఎక్కువ భాగం బ్యాంకులో డిపాజిట్ చేయాలని సుప్రీంకోర్టు 1990ల మొదట్లో చెప్పింది. వడ్డీ నెలనెలా వారికే అందాలి. ఆలోచన మంచిదే. కాని కూతురి పెళ్లికి, వైద్యానికి కావాలన్నా డబ్బు చేతికి రాని పరిస్థితి వచ్చింది. అందరి డబ్బూ కళ్లు మూసుకుని కట్టిపెట్టవద్దని 2012లో అదే కోర్టు చెప్పవలసి వచ్చింది. డబ్బు అవసరమైతే కారణం రాసి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ ఎలా రాయాలో వచ్చే మంగళవారం మనమే ఇక్కడ రాసి చూద్దాం. ఎవరి దగ్గరైనా పాత డిపాజిట్ కాగితం ఉంటే తీసుకురండి.