నెలలు నిండని బిడ్డకు టీకా వేయించునప్పుడు
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



37 వారములు నిండకముందే పుట్టిన బిడ్డకు టీకా సూది వేయునప్పుడు కలుగు నొప్పిని మందులేమియు వాడకుండ ఎట్లు తగ్గించవలెనో చెప్పుమని నన్ను కోరిరి. అంశము చిన్నదే గాని దాని వెనుక పెద్ద చిక్కు ఉన్నది. "ఇంత పసికందుకు అప్పుడే సూదా? కాస్త ఒళ్లు చేసిన తరువాత చూతములే" అని అమ్మమ్మలు, నాయనమ్మలు టీకాను వాయిదా వేయించుట మన ఇండ్లలో మామూలే. ప్రేమచేతనే అట్లు చేయుచున్నారు. అయితే కోరింతదగ్గు, న్యుమోనియా వంటివి ఎక్కువగా బాధించునది ఈ బిడ్డలనే. ఏలయనగా గర్భములో చివరి వారములలో తల్లినుండి రావలసిన రక్షణ వీరికి పూర్తిగా రాలేదు. గనుక 6వ వారపు టీకాలను పుట్టిన తేదీనుండి లెక్కించి వేయించవలెను గాని, పుట్టవలసియుండిన తేదీనుండి కాదు. మరీ తక్కువ బరువుతో పుట్టినవారికి బి.సి.జి.ని డాక్టరు కొంతకాలము ఆపవచ్చును. అది డాక్టరు నిర్ణయము, పొరుగింటివారిది కాదు.

పసిబిడ్డకు నొప్పి తెలియునా అని కొందరడుగుదురు. ఒకప్పుడు గొప్ప వైద్యులు కూడ అంతగా తెలియదనే తలంచిరి. 1980ల వరకు అనేక చోట్ల నెలలు నిండని బిడ్డలకు తగిన నొప్పిమందు లేకుండగనే శస్త్రచికిత్సలు జరిగినవి. భారతదేశమున పుట్టి ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, నొప్పిమందు ఇచ్చిన బిడ్డలే తక్కువ ఇబ్బందులతో కోలుకొనిరని 1987లో లోకమునకు చూపిరి. నొప్పిని మెదడుకు చేరవేయు నరములు ఈ బిడ్డలలో ముందే పనిచేయుచుండును. ఆ నొప్పిని అణచివేయు ఏర్పాటు మాత్రము ఆలస్యముగా ఎదుగును. అందుచేత వీరికి నొప్పి తక్కువ కాదు, ఎక్కువే కావచ్చును.

ఇంకొక సంగతి తల్లులు గమనించవలెను. నెలలు నిండని బిడ్డ నొప్పి కలిగినప్పుడు గట్టిగా ఏడ్వకపోవచ్చును. ఏడ్చుటకు బలము చాలదు. కనుబొమలు ముడుచుట, కండ్లు బిగించుట, ముక్కు ప్రక్కల గీతలు లోతగుట, వేళ్లు విచ్చుకొనుట, ఒక్కసారిగా వాలిపోవుట, ఇవే ఆ బిడ్డ ఏడ్పు. "బంగారుకొండ, సూది వేసినా కిక్కురుమనలేదు" అని మురిసిపోవువారు ఆ ముఖమును మరియొకసారి చూడవలెను.

మరి ఏమి చేయవలెను? తల్లి ఒడిని మించినది లేదు. 1978లో కొలంబియా దేశములోని బొగోటా నగరములో, అద్దాలపెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లుల రొమ్మునకు ఆనించి పెంచు పద్ధతిని ఆరంభించిరి. కంగారూ పద్ధతి అని మన ఆసుపత్రులలోను చెప్పుచున్నది అదే. అది వెచ్చదనము కొరకు పుట్టినది. అయితే అట్లు ఆనుకొనియున్న బిడ్డకు మడమలో సూది గుచ్చి రక్తము తీసినప్పుడు నొప్పి గుర్తులు తగ్గినవని కెనడాకు చెందిన సెలెస్ట్ జాన్‌స్టన్ అను నర్సు, ఆమె సహచరులు 2003లో ప్రకటించిరి. టీకాకు కూడ దీనినే వాడుకొనవచ్చును. లంగోటి, టోపీ తప్ప మరేమియు లేకుండ బిడ్డను రొమ్ముల నడుమ నిటారుగా ఆనించుకొని, వీపుమీద దుప్పటి కప్పి, సూదికి కనీసము పది పదిహేను నిమిషముల ముందే కూర్చుండవలెను. సూది పడునప్పుడు హడావుడిగా ఎత్తుకొనుట దీనితో సమానము కాదు. తల్లికి వీలుకాకపోతే తండ్రి ఛాతీ పనికివచ్చును. తండ్రులు సిగ్గుపడవలసిన పని లేదు.

పాలు త్రాగగల బిడ్డయైతే సూదికి ముందునుండియే రొమ్ము అందించి, సూది వేయునప్పుడును మాన్పించకూడదు. ఇంకను చప్పరించుట చేతగాని బిడ్డయైతే, మోకాళ్లను పొట్టవైపునకు, చేతులను నోటిదగ్గరకు మడిచి, రెండు అరచేతులతో మెత్తగా అదిమి పట్టుకొనవలెను. గర్భములో ఉన్నట్లు ఉండును. తొడ మాత్రము బయటికి వదలి పొత్తిగుడ్డలతో చుట్టినను కొంత ఉపశమనమే. తేనె నాకించుట మాత్రము వద్దు. ఏడాది లోపు బిడ్డకు అది ప్రాణాపాయము తేగలదు. ముందుగా పారాసిటమాల్ చుక్కలు పోసినందువలన సూది నొప్పి తగ్గదు.

మన దేశపు పట్టిక ప్రకారము 6వ వారమున చుక్కల మందులు గాక ఒకే పూట మూడు సూదులు పడును. ఎక్కువ నొప్పి కలిగించు దానిని చివర వేయుమనియు, సూది గుచ్చిన తరువాత పిస్టనును వెనుకకు లాగి చూడనక్కర లేదనియు, బిడ్డను తనవారే పట్టుకొనవలెననియు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చినది. అయినను కొన్నిచోట్ల "తల్లి బయట ఉండుము, చూచి తట్టుకొనలేవు" అని పంపివేయుట నేను చూచితిని. ఇది నర్సులను నొప్పించుటకు చెప్పుట లేదు. నేనును ఆ ఉద్యోగము చేసినదాననే. వరుస పొడవుగా ఉన్న రోజున ఒక్కొక్క తల్లికి పదిహేను నిమిషములు ఇచ్చుట ఎంత కష్టమో నాకు తెలియును. గనుక తల్లియే కాస్త ముందుగా వచ్చి, వరుసలో ఉండగానే బిడ్డను రవికె లోపల ఆనించుకొని, తన వంతు వచ్చినప్పుడు "సిస్టరమ్మా, నేను పట్టుకొని కూర్చుందును, తొడ మీకు అందునట్లు ఉంచెదను" అని మర్యాదగా అడిగిన యెడల కాదనువారు అరుదు.

సూది అయిన వెంటనే బిడ్డను బల్లమీద పడుకోబెట్టకుడి. ఊపిరి నెమ్మదించి, పిడికిళ్లు వదులై, ముఖము తేటపడువరకు అట్లే ఉంచుకొనుడి. అరగంట అక్కడనే కూర్చుండవలెను గదా, ఆ అరగంట రొమ్ముమీదనే గడవనియ్యుడి. చాల ముందుగా పుట్టి ఇంకను ఆసుపత్రిలోనే ఉన్న బిడ్డకు మొదటి టీకాల తరువాత ఊపిరి అప్పుడప్పుడు ఆగుట కలదు. అందుకే డాక్టర్లు రెండు మూడు రోజులు కనిపెట్టి చూచెదరు. ఆ రోజులలో ఇంటికి పంపుమని తొందరపెట్టకుడి.