అదబ్ వేరు, మౌనం వేరు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంగతి సభలో మాట్లాడవలసినదేనా అని కొందరు అడిగారు. ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు గనుకనే ఇక్కడ మాట్లాడుతున్నాము.

మేము ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెబుతున్నాము. పిల్లలు సలాం చేస్తే బుగ్గ గిల్లడం మాకు అలవాటు. ఒకనాడు నాలుగో తరగతి పిల్ల సలాం చేసి, మా చెయ్యి లేవగానే రెండడుగులు వెనక్కి వేసింది. పక్కనున్న తండ్రి "ఏం బద్‌తమీజీ ఇది?" అని కసిరాడు. పిల్ల తల వంచుకుని మళ్ళీ ముందుకొచ్చి నిలబడింది. మేము చెయ్యి దించుకున్నాము గాని, "తప్పు పిల్లది కాదు, మాది" అని ఆ తండ్రితో అనలేకపోయాము. ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ళు ముట్టుకుంటే ఊరుకోవాలన్నదే కదా ఆ పిల్ల ఆవేళ నేర్చుకున్న పాఠం!

పండుగనాడు మన ఇళ్ళల్లోనూ ఇంతే. "మామూ ఒళ్ళో కూర్చో, చాచాకి ముద్దు పెట్టు" అంటాం. పిల్లలు బిగుసుకుపోతే నవ్వుతాం. చాలామంది పెద్దలది ప్రేమే. కాని చెడ్డ బుద్ధి ఉన్నవాడు దాక్కునేదీ ఆ అలవాటు చాటునే. 2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి చూసింది. వాళ్ళతో తప్పుగా ప్రవర్తించినవారిలో సగం మంది తెలిసినవాళ్ళే, నమ్మినవాళ్ళే.

ఒకరింటికి వెళితే గుమ్మం బయట సలాం చెప్పి, ఇజాజత్ దొరికాకే లోపల అడుగు పెడతాం. గోడలకున్న మర్యాద పిల్లల ఒంటికి లేదా?

కనుక పిల్లలు దూరం నుంచి సలాం చేస్తే చాలు, అదే అదబ్. "నాకిష్టం లేదు" అని గట్టిగా చెప్పి వచ్చెయ్యమని నేర్పండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ నేర్పండి. వాళ్ళొచ్చి చెబితే "చుప్" అనకండి, నమ్మండి. పరువు పోతుందని భయమా? 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల పేరు పత్రికల్లో రాకూడదు. వాంగ్మూలం ఇంటి దగ్గరే, యూనిఫారం లేని పోలీసులు తీసుకోవచ్చు. తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే నేరం. 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

ఇప్పుడు మేము చేతులు వెనక్కి కట్టుకునే సలాం అందుకుంటున్నాము. ఆ పిల్ల రెండడుగుల దూరంలోనే నిలబడుతుంది. కాని ఇప్పుడు తలెత్తి నవ్వుతుంది.

ఖుదా హాఫిజ్.