వంటిల్లు మార్చేముందు

(హన్మకొండలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో ఒక విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడుకున్న ఈ వేదిక మీద ఈసారి చిమ్నీల గురించి, డిష్‌వాషర్ల గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగితే మొదట నాకు నవ్వొచ్చింది. ఆలోచిస్తే రెండూ ఒకే డబ్బుకు సంబంధించిన సంగతులే. ఉద్యోగం నుండి దిగగానే గ్రాట్యుటీ, కమ్యూటేషన్ చేతికొస్తాయి. అప్పటికి ఇల్లు కట్టి పాతికేళ్లయి ఉంటుంది. వంటింట్లో బండ పగిలి, గోడకు జిడ్డు పట్టి ఉంటుంది. పిల్లలు హైదరాబాదు నుండో డల్లాస్ నుండో ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి వంటిల్లు మొత్తం మార్పిద్దాం, అన్నీ మంచి కంపెనీవి పెట్టిద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో అనుమానం లేదు. అయితే మన రాష్ట్రంలో 61వ ఏట దిగిపోయి పింఛనులో 40 శాతం కమ్యూట్ చేసుకున్న మనిషికి ఆ భాగం తిరిగి కలిసేది 15 ఏళ్లకు, అంటే 76వ ఏట. అలాంటి డబ్బు పెట్టి కొన్న సామాను, కొన్నవారికి పనికిరావాలి గదా.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. పొయ్యి దగ్గర నిలబడేవారే సామాను ఎంచుకోవాలి. డబ్బు ఇచ్చేవారు కాదు, బొమ్మలు గీసే ఇంటీరియర్ కుర్రాడు కాదు, అమెరికాలో ఉన్న కోడలు కూడా కాదు. ఈ పొరపాటు పెద్దపెద్దవాళ్ల దగ్గరే మొదలైంది. ఇవాళ మనం "మాడ్యులర్ కిచెన్" అంటున్నదానికి మూలం 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మార్గరెట్ షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆవిడ గీసిన చిన్న వంటిల్లు. నడిచే అడుగులు తగ్గాలని గడియారం పెట్టి కొలిచి మరీ గీసింది. వేల ఇండ్లలో ఆ నమూనా పెట్టారు. అంతా అయ్యాక, ఆ రోజుల్లో తనకు వంటే రాదని ఆవిడే చెప్పుకుంది! మంచి పనే చేసింది, కాదనను. కాని మన వంటింటిని మన చేతులతో కొలుచుకోవాలి.

కొలత అంటే నిజంగా కొలతే. గట్టు ఎత్తు చూడండి. చెయ్యి మడిచి నిలబడితే మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా గట్టు ఉండాలి. అయిదడుగులున్న మన ఆడవాళ్లకు కేటలాగులో చూపే 36 అంగుళాల గట్టు వేస్తే, దాని మీద పొయ్యి, పొయ్యి మీద కుక్కరు పెట్టాక లోపల ఉడికిందో లేదో చూడటానికి మడమలెత్తాలి. అందరూ అయిదు లక్షల ఓవెన్ గురించి అడుగుతారు, ఈ రెండు అంగుళాల గురించి ఎవరూ అడగరు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద వంగి తలుపు తెరిచే ఓవెన్ పెట్టించుకోవద్దు. ఛాతీ ఎత్తున అలమారలో పెట్టించుకోండి. వేడి ట్రే పట్టుకొని లేవలేక అవస్థ పడిన అక్కయ్యలను చూశాను.

ఇక కరెంటు. విద్యుత్ శాఖలో పనిచేసి వచ్చిన అన్నయ్యలు ఇక్కడున్నారు, నేను తప్పు చెబితే దిద్దండి. పాతికేళ్ల కింద మన ఇండ్లలో వైరింగు చేసినప్పుడు వంటింట్లో ఒక బల్బు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, మిక్సీకి ఒక ప్లగ్గు లెక్కలో పెట్టుకున్నారు. ఇప్పుడు కొంటున్నవి చూడండి. గోడలో అమర్చే ఓవెన్ సుమారు 3,000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 2,000, డిష్‌వాషరు నీళ్లు కాచేటప్పుడు ఇంచుమించు 2,000. అదే సమయంలో బాత్‌రూంలో గీజరు 2,000, హాల్లో ఏ.సి. 1,500. కలిపితే 10,500 వాట్లు. 230 వోల్టుల మీద అది 45 ఆంపియర్లు దాటుతుంది. పాత సింగిల్ ఫేజు వైరింగు అంత మోయదు. ఫ్యూజు పోతే అదృష్టమే, గోడలోపల వైరు కాలితేనే ప్రమాదం. అందుకని వస్తువు కొనేముందు మీ కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఎంతో చూడండి. అవసరమైతే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. పెద్ద వస్తువు ఒక్కోదానికి మీటరు బోర్డు నుండి విడిగా రాగి వైరు, విడిగా ఎం.సి.బి., మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేయించండి. ఎర్తింగు గుంత ఎప్పుడు తవ్వారో గుర్తుందా? చాలా ఇండ్లలో అది ఎక్కడుందో కూడా తెలియదు. తడిచేతులతో పనిచేసే చోట ఎర్తింగు లేకుండా ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ప్రమాదమే. నా లెక్కలో బడ్జెటులో మొదటి భాగం ఎలక్ట్రీషియన్‌దే. మేస్త్రి టైల్స్ అతికించాక వైరింగు గుర్తొస్తే కొత్త గోడ పగులగొట్టాలి.

ఒక సంగతి మన ఊరికే ప్రత్యేకం. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నాలాల పక్కన, చెరువుల కింద ఇండ్లున్నవారికి నేను చెప్పనక్కర లేదు. మీది అలాంటి కాలనీ అయితే, గట్టు కింద అమర్చే డిష్‌వాషరు, కింది అరలో పెట్టే ఓవెన్ రెండింటి గురించి రెండుసార్లు ఆలోచించండి. డిష్‌వాషరుకు మోటారు, పంపు కింది భాగంలోనే ఉంటాయి. అడుగు నీళ్లు చాలు. ప్లగ్గులు నేల నుండి నాలుగడుగుల పైనే పెట్టించండి, ఫ్రిజ్జును గట్టి దిమ్మె మీద నిలబెట్టండి. కింది అలమారలు చెక్కపొట్టుతో చేసిన బోర్డువైతే తడికి ఉబ్బిపోతాయి. ప్లైవుడ్ వేసినా "వాటర్‌ప్రూఫ్ రకమేనా" అని రాయించుకోండి.

ఇప్పుడు వస్తువులకు వద్దాం. దుకాణానికి వెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లండి: ఇంట్లోని ఒక అయస్కాంతం, మీరు సర్వపిండి చేసే గిన్నె. నవ్వకండి. మన సర్వపిండి, కొందరిండ్లలో గిన్నప్ప అంటారు, గుండ్రటి అడుగున్న గిన్నెలో లోపల చుట్టూ పిండి అద్ది కాలుస్తాం. ఇండక్షన్ పొయ్యికి చదును అడుగు కావాలి, ఆ అడుగుకు అయస్కాంతం అతుక్కోవాలి. సత్తు గిన్నె, రాగి చెంబు, కంచు పాత్ర దాని మీద పనిచేయవు. అంటే ఇండక్షన్ తీసుకుంటే పొయ్యితో బాటు బోళ్లన్నీ మార్చాలి, ఆ ఖర్చు ఎవరూ చెప్పరు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు వెలుగుతున్న ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలంటారు. వండేది వారే అయితే డాక్టరుగారిని అడగకుండా కొనకండి. ఖర్చు లెక్క కావాలా? 14.2 కిలోల సిలిండరు చేసే పనిని ఇండక్షన్ మీద చేస్తే సుమారు 140 యూనిట్లు కాలుతాయి. అవి మీ బిల్లులో పై స్లాబులో పడతాయి గనుక ఆ రేటుతో గుణించి సిలిండరు ధరతో పోల్చండి. నా సలహా: గ్యాసు పొయ్యి ప్రధానంగా ఉంచుకొని, పాలు, టీ, అన్నానికి ఒంటి ఇండక్షన్ పొయ్యి పక్కన పెట్టుకోండి. మంట కనిపించదు, చీర కొంగు అంటుకోదు. డెబ్బయి దాటినవారికి ఇది తేలిక.

గ్యాసు పొయ్యిల్లో ఇప్పుడు గట్టులో దించి అమర్చే హాబ్‌లు వచ్చాయి. చూపుకు బాగుంటాయి. మంట ఆరిపోతే గ్యాసు తనంత తానే ఆగే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. మతిమరుపు వయసులో దీనికి పెట్టే డబ్బు దండగ కాదు. గ్రానైట్ బండను మాత్రం హాబ్ ఇంటికి వచ్చాక కోయించాలి. ఒక్కో కంపెనీ కొలత ఒక్కో తీరు. రేపు అది చెడిపోయి వేరే కంపెనీది తెస్తే ఆ కన్నంలో పట్టకపోవచ్చు. నిజం చెప్పాలంటే, గట్టు మీద పెట్టుకునే మామూలు మంచి పొయ్యి ఎత్తి తుడుచుకోవచ్చు, పాడైతే మార్చుకోవచ్చు. మాడు వాసన రాకుండా సన్నని మంట నిలుస్తుందా అని దుకాణంలోనే వెలిగించి చూపమనండి.

చిమ్నీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. సంక్రాంతికి సకినాలు వేయించేరోజు ఇల్లంతా కమ్ముకునే నూనె పొగ మనందరికీ తెలుసు. దుకాణంలో గంటకు 1,200, 1,400 ఘనపు మీటర్లు పీలుస్తుందని చెబుతారు. ఆ లెక్క గొట్టం లేకుండా చూసినది. మన ఇంట్లో ఆ గొట్టం రెండు వంపులు తిరిగి, పదిహేనడుగులు పోయి, చివర నాలుగంగుళాల పి.వి.సి. పైపులో దూరితే, పీల్చే బలం సగమైనా మిగలదు. ఆరంగుళాల గొట్టం, నేరుగా బయటకు, ఒకటికి మించి వంపు లేకుండా. ఇది కుదరకపోతే లక్ష రూపాయల చిమ్నీ కంటే కిటికీకి బిగించిన పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను మేలు. బొగ్గు ఫిల్టరు పెట్టి గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే రకం మన తాలింపులకు ఆగదు, తీసుకోవద్దు. పొయ్యికి 26 నుండి 30 అంగుళాల ఎత్తున ఉండాలి. తల తగులుతుందని ఇంకా పైకి పెడితే పొగ పక్కకు పోతుంది. "ఆటో క్లీన్" అంటే చిమ్నీ తనను తాను కడుక్కుంటుందని కాదు, కరిగిన జిడ్డు ఒక గిన్నెలోకి దిగుతుంది, ఆ గిన్నె మనమే తీసి కడగాలి. స్టూలెక్కకుండా చేతికందుతుందో లేదో చూసుకోండి.

డిష్‌వాషరు అనగానే మన పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. నేను మాత్రం వంటింట్లో ఒకే ఒక ఖరీదైన వస్తువు కొనాలంటే దానినే కొనమంటాను. 1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ దీనికి పేటెంటు తీసుకుంది. ఇన్నేళ్లకు మనకు అందింది. పనిచేసే అమ్మాయి రాని రోజున అరవై ఎనిమిదేళ్ల మనిషి సింకు దగ్గర గంట నిలబడటం అన్నయ్యలకు కనిపించదు, ఎందుకంటే ఆ సమయంలో వారు పేపరు చదువుతుంటారు. ఇప్పటి యంత్రాలు ఒక విడతకు సుమారు పది లీటర్ల నీళ్లు, ఒక యూనిట్ కరెంటు తీసుకుంటాయి. అయితే షరతులున్నాయి. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల మున్సిపల్ నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటే యంత్రంలో ప్రత్యేకమైన ఉప్పు పోస్తూ, నీటి గట్టిదనానికి తగ్గట్టు మీట సరిచేసుకోవాలి. లేకుంటే గాజు సామాను మీద తెల్లమచ్చలు పడతాయి. నీళ్లు ముందు పరీక్ష చేయించండి. సత్తు, ఇత్తడి, కంచు, ఇనుప పెనం, చెక్క గరిటెలు ఇందులో వేయరాదు. మీ ఇంట్లో సగం బోళ్లు అవే అయితే, మళ్లీ లెక్క వేసుకోండి.

ఫ్రిజ్జు గురించి ఒక్క మాట. నక్షత్రాలు లెక్కపెట్టి ఆగిపోకండి. కొలమానం అప్పుడప్పుడు బిగిస్తారు, పాత స్టాకు మీది అయిదు నక్షత్రాలు కొత్తవాటితో సమానం కావు. లేబులు మీద ఏ సంవత్సరానిదో, ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకెలు పోల్చండి. ఇద్దరే ఉండే ఇంటికి 600 లీటర్ల రెండు తలుపుల బీరువా ఎందుకో నాకు అర్థం కాదు. పిల్లలు వచ్చే పదిహేను రోజుల కోసమట!

అమెరికా నుండి వస్తువులు తెస్తామనే పిల్లలకు చెప్పండి, అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్లు. ఇక్కడ 230, 50. మైక్రోవేవు వంటివి ఇక్కడ సరిగా నడవవు.

చివరిది మెకానిక్. మన సభ్యుల ఇంట ఒకరు విదేశీ ఓవెన్ పెట్టించారు, కంపెనీ పేరెందుకు. తలుపు బిగింపు విరిగితే ఆ ముక్క రావడానికి మూడు నెలలు పట్టింది. మెకానిక్ హైదరాబాదు నుండి నూట నలభై కిలోమీటర్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ రాకపోకల ఖర్చు మనదే. కనుక బేరానికి ముందే అడగండి: వరంగల్‌లో మీ మనిషి ఉన్నాడా, అతని నంబరు ఇవ్వండి అని. ఆ నంబరుకు దుకాణంలోనే నిలబడి ఫోన్ చేయండి. ఎత్తితే కొనండి. బిల్లు, వారంటీ కార్డు, పాలసీ కాగితాలుండే ఫైలులోనే పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. అంతదాకా పోకముందు 1915కు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. గట్టు ఎత్తు కొలిచే టేపు నా సంచిలో ఉంది, టీ తాగేటప్పుడు ఎవరికైనా కావాలంటే మోచేయి కొలిచి చెబుతాను.