వరుసలో మీ మనసు

జె.ఇ.ఇ. ర్యాంకు వచ్చిన పిదప సంస్థను, శాఖను జతపరచి ఐచ్ఛికాల జాబితా పూరించవలసి ఉంటుంది. నిరుటి ముగింపు ర్యాంకులకు జంకి, కోరినదానిని క్రిందికి నెట్టకండి. పైన వ్రాసినది దక్కకపోయినంత మాత్రాన క్రిందిదానికి మీకున్న అవకాశం తగ్గదు. మనసులోని వరుసనే వ్రాయండి.

ఆ వరుస తేల్చుకొనుటయే కష్టం. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో సుమారు సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో జాతీయ సంస్థయైన విద్యాలయానికి దూరప్రాంతాల పిల్లలు వస్తున్నారు. మనవారు సూరత్కల్‌కు, రూర్కెలాకు వెళ్లుటకు వెనుదీయనేల? భాష, భోజనం మొదట ఇబ్బందిపెట్టవచ్చు. (తల్లులకు భోజనమే పెద్ద బెంగ!) అంతకన్న ముఖ్యం, ప్రయోగశాలలో పనిముట్లు విద్యార్థి చేతికి అందుతాయా, సందేహం అడిగితే అధ్యాపకులు దొరుకుతారా అన్నది. ఇది వివరణ పుస్తకంలో కనబడదు. అక్కడ రెండవ సంవత్సరం చదువుతున్నవారిని అడగండి.