చిట్టి ఇంజనుకు గొంతు వచ్చింది

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి ఇదివరకే చాలామంది చెప్పారు. నేను చెప్పబోయేది జానెడు పొడవున్న ఒక రైలింజను గురించి.

గుత్తి డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ వైపు ముప్పై మూడేళ్ళు చేశాను. డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్ల చప్పుడు నాకు అన్నం పెట్టింది. ఎడమ చెవిని మాత్రం తనతో తీసుకుపోయింది.

మా అమ్మాయి న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటుంది. పొరుగింటి పెద్దాయన తన ఇంటి నేలమాళిగలో బల్లలు వేసి, వాటిమీద పట్టాలు పరిచి నమూనా రైళ్ళు నడుపుతారు. అసలు కొలతలో 87వ వంతు. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అక్కడొక పాత అట్టపెట్టెలో ఉన్న ఇంజన్ను చూసి ఆగిపోయాను. అది ఆల్కో ఇంజను! మన డబ్ల్యు.డి.ఎం.-2ను రూపొందించింది ఆ రాష్ట్రంలోని స్కెనెక్టడీ ఊళ్ళో ఉన్న ఆల్కో కంపెనీయే. 1962లో మనకు మొదటి ఇంజన్లు అక్కడినుంచే వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఆల్కో 1969లో మూతపడింది. మనమేమో ఆ 251 రకం డీజిలును దశాబ్దాలపాటు నడిపాం.

ఆ నమూనా ఆయనకు భార్య ఇచ్చిన కానుకట. ఆమె ఇప్పుడు లేరు. ఇంజను నడవడమూ లేదు. కారణం వినండి. పాత పద్ధతిలో పట్టాలకు సున్నా నుంచి 12 వోల్టుల వరకు ఇచ్చేవారు. వోల్టు పెంచితే వేగం, ధ్రువాలు మారిస్తే వెనక్కి. ఒకే పట్టాలమీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. 1990లలో డిజిటల్ పద్ధతి స్థిరపడింది. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, ఆజ్ఞలూ అందులోనే ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజను కడుపులో డీకోడర్ అనే చిన్న పలక ఉంటుంది. తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే అది వింటుంది. ఆయన బల్ల డిజిటల్‌కు మారింది, ఇంజను మారలేదు. మార్చుదామంటే ఆయన చేతులు వణుకుతున్నాయి.

"నేను చేస్తాను" అనేశాను. రిటైరైనవాడి గొప్ప!

మొదటి డీకోడర్ కాలిపోయింది. సన్నగా పొగ వచ్చింది. తప్పు పూర్తిగా నాది. ఆ పాత మోటారులో ఒక బ్రష్షు కింది రేకు ఇనుప చట్రానికి తగిలి ఉంది. పట్టాల కరెంటు చట్రంలోంచి వచ్చి డీకోడర్ మోటారు తీగల్లోకి ఎదురు తన్నింది. మోటారుకు, బాడీకి మధ్య ఇన్సులేషన్ చూడకుండా సప్లై ఇవ్వకూడదని నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! పెద్దాయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

రెండోసారి షెడ్డులో చేసినట్టే వరుసగా చేశాను. గట్టిపడిన పాత గ్రీజు తీసి, ప్లాస్టిక్‌ను తినని పల్చటి నూనె వేశాను. మోటారును చట్రం నుంచి వేరుచేసి కింద టేపు పరిచాను. మల్టీమీటరుతో రెండు బ్రష్షులకూ, రెండువైపుల చక్రాలకూ మధ్య సంబంధం లేదని తేల్చుకున్నాను. 12 వోల్టులిచ్చి, ఒక్క క్షణం ఇరుసు ఆపి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూశాను. డీకోడర్ తట్టుకునేదానికంటే తక్కువే. ఎరుపు, నలుపు తీగలు పట్టాల వైపు. నారింజ, బూడిదరంగు తీగలు మోటారుకు. స్పీకరు వెనక గాలి చొరని చిన్న డబ్బా అమర్చాను. అది లేకపోతే ముందు ధ్వనిని వెనక ధ్వని చంపేస్తుంది. ముందుగా తక్కువ కరెంటు ఉండే ప్రోగ్రామింగ్ పట్టాలమీద పరీక్షించాను. కొత్త డీకోడర్ నంబరు 3 అని ఉంటుంది. దాన్ని ఇంజనుమీది నంబరుకు మార్చాం.

పెద్దాయన బటన్ నొక్కారు. ఆ డీకోడర్లో 251 డీజిలు ధ్వనే ఉంది. క్రాంకింగు, తర్వాత ఆ తడబాటు, ఆ గురగుర. నాచ్ పెంచితే టర్బో ఈల. నా కుడి చెవి కొంత విన్నది. మిగిలింది ఇంజనుమీద వేలు పెట్టి విన్నాను.

మనవరాలు "తాతయ్యా, నువ్వు పనిచేసింది దీంట్లోనేనా?" అంది. "ఇది బొమ్మ తల్లీ. మాది 2600 గుర్రాలది, గుండెలో మోగేది" అన్నాను. నా ఉద్యోగం గురించి ఆ పిల్ల అడగడం అదే మొదటిసారి. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మిత్రులారా, మన చేతుల్లో ఉన్న పని పెన్షన్ కాగితాలతో ముగిసిపోలేదు. ఇంట్లో పిల్లలకు చూపించండి. అయితే, ముందు ఇన్సులేషన్ చూసుకోండి!